అమాలా, ఎగూసి మానకుండా బరువును అదుపులో ఉంచుకోవడం ఎలా?

ఇబాదాన్ కోడలు

సభ్యులందరికీ నమస్కారం. మావారు యోరుబా వారు. మేము ఇబాదాన్‌లో అత్తగారితో కలిసి ఉంటున్నాము. మావారికి రక్తపోటు ఉండవలసిన దానికంటే కొంచెం ఎక్కువగా ఉందనీ, పొట్ట తగ్గించుకుంటే అది చాలావరకు దారికి రావచ్చనీ డాక్టరుగారు చెప్పారు. ఆసుపత్రిలో ఒక ఆహార పట్టిక కూడా ఇచ్చారు. అందులో ఓట్స్, గోధుమ రొట్టె, ఆపిల్, లెట్యూస్, చర్మం తీసిన కోడిమాంసం ఉన్నాయి గాని, మా ఇంట్లో రోజూ వండుకునే వంటకం ఒక్కటీ లేదు.

మా అత్తగారు వండే ఆబులా, అంటే అమాలా (ఎండు పెండలం పిండి ముద్ద) మీద బొబ్బర్లతో చేసిన గ్బెగిరి, ఎవెడు ఆకు జారు, ఆపైన మిరప పులుసు కలిపి పెట్టే భోజనం, ఈ ఊరికి ప్రాణం. అది మానేయమని ఆమెతో చెప్పడానికి నాకు నోరు రాదు. మానేయవలసిన అవసరం నిజంగా ఉందని కూడా నాకు అనిపించడం లేదు. నైజీరియా సంప్రదాయ భోజనం తింటూనే బరువు తగ్గించుకోవడం సాధ్యమేనా? సాధ్యమైతే ఎక్కడ చెయ్యి పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు? ఇక్కడ ఏళ్ల తరబడి ఉన్నవారు, ఈ విషయం చదువుకున్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

అబుజా డైటీషియన్

నమస్కారం అమ్మా. సాధ్యమే. ఇంకా గట్టిగా చెప్పాలంటే, బయటినుంచి తెచ్చిపెట్టిన పట్టికకంటే ఇంటి వంటలో చేసిన మార్పే ఎక్కువ కాలం నిలుస్తుంది. నా దగ్గరికి వచ్చేవారిలో ఓట్స్, లెట్యూస్ పట్టికను కొద్ది వారాలకంటే ఎక్కువ పాటించినవారు చాలా తక్కువ. పట్టిక చేత పట్టుకుని వచ్చేవారు సాధారణంగా అమాలాను తప్పుపడతారు, లేదా గర్రీని (కర్రపెండలం రవ్వను) తప్పుపడతారు. కొలిచి చూస్తే అసలు కారణం చాలాసార్లు మరోచోట కనిపిస్తుంది.

ముందుగా ముద్ద సంగతి చూద్దాము. అమాలాకు వాడే ఎలుబో పిండి, గర్రీ, సెమో రవ్వ, గోధుమ పిండి, పచ్చి అరటికాయ పిండి, వీటిలో ఏది తీసుకున్నా 100 గ్రాముల పొడిపిండిలో దాదాపు 350 కేలరీలు ఉంటాయి. పది ఇరవై కేలరీల తేడా ఉండవచ్చుగాని, బరువు విషయంలో అది లెక్కలోకి రాదు. ఎబా (గర్రీ ముద్ద) మాని గోధుమ ముద్దకు మారాము, అయినా బరువు తగ్గలేదని బాధపడేవారికి నేను చెప్పేది ఇదే: పిండి పేరు మారింది గాని కొలత మారలేదు. 150 గ్రాముల పిండితో కలిపిన ముద్దలో 525 కేలరీలు ఉంటాయి, 80 గ్రాములతో కలిపిన దానిలో 280 ఉంటాయి. ముద్దలో నీరు ఎక్కువగా ఉంటుంది కనుక కంటితో చూసి కొలత చెప్పడం కష్టం. అందుచేత నీళ్లలో పోయకముందే, పొడిపిండిని ఒకే గ్లాసుతో కొలిచి తీసుకోండి. దంచిన పెండలం ముద్దకు ఈ లెక్క వర్తించదు, ఎందుకంటే దానిని పచ్చి దుంపనుంచి చేస్తారు. దుంపలో 100 గ్రాములకు సుమారు 118 కేలరీలు ఉంటాయి. అలాగని పండుగనాడు అరకిలో దుంప దంచిన ముద్దను ఒక్కరే తింటే 590 కేలరీలు అవుతాయని గుర్తుంచుకోవాలి.

రెండవది నూనె. ఎర్ర పామాయిల్ అయినా, వేరుశనగ నూనె అయినా ఒక పెద్ద చెంచాకు, అంటే 15 మిల్లీలీటర్లకు, దాదాపు 120 కేలరీలు. ఆరుగురికి వండే కుండలో 300 మి.లీ. పామాయిల్ పోయడం ఇక్కడ అసాధారణం కాదు. అంటే ముద్ద, మాంసం లెక్కలోకి రాకముందే ఒక్కొక్కరి పళ్లెంలోకి 400 కేలరీలు నూనెగానే చేరుతాయి. అదే కుండలో 100 మి.లీ. పోస్తే ఒక్కొక్కరికి దాదాపు 133 అవుతాయి. పళ్లెంలో వంటకం మారలేదు, ఉల్లి, రోదో మిరప, ఇరు (పులియబెట్టిన గింజల మసాలా) వాసన మారలేదు, కేలరీలు మాత్రం 267 దాకా తగ్గాయి.

మీ ఆబులా విషయానికి వస్తే, అది నాకు ఎంతో ఇష్టమైన భోజన నిర్మాణం. గ్బెగిరి పొట్టు తీసిన బొబ్బర్లతో చేసినది, అందులో మాంసకృత్తులు ఉన్నాయి. ఎవెడు జూట్ మొక్క లేత ఆకు, జిగురుగా ఉండే పీచు దానిలో ఉంది, దానికి నూనె అవసరమే లేదు. నూనె అంతా పైన పోసే మిరప పులుసులో ఉంటుంది. కనుక మీరు ముట్టుకోవలసింది ఆ ఒక్క గిన్నెనూ, పిండి గ్లాసునూ మాత్రమే. గ్బెగిరి, ఎవెడు ఇప్పుడు పెట్టేదానికంటే ఎక్కువే పెట్టండి.

నడుము కొలత గురించి ఒక మాట. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య ఆఫ్రికా పురుషులకు 94 సెం.మీ.ను, దక్షిణాసియా పురుషులకు 90 సెం.మీ.ను, రెండు చోట్లా స్త్రీలకు 80 సెం.మీ.ను హద్దుగా పెట్టుకోవాలని సూచించింది. మావారి కోసం మొదలుపెట్టిన లెక్క కదా అని మీ కొలత మరిచిపోకండి.

లేగోస్ మెయిన్‌ల్యాండ్

డైటీషియన్‌గారు చెప్పిన లెక్కలకు లేగోస్ జీవితం నుంచి కొన్ని విషయాలు జోడిస్తాను. ఇక్కడ మెయిన్‌ల్యాండ్‌లో ఉండి విక్టోరియా ఐలాండ్‌లో ఉద్యోగం చేసేవాడు చీకటితోనే ఇల్లు వదులుతాడు. సాయంత్రం థర్డ్ మెయిన్‌ల్యాండ్ వంతెన మీద గో-స్లోలో, అంటే ట్రాఫిక్ రద్దీలో, చిక్కుకుని, రాత్రి తొమ్మిది దాటాక ఇంటికి చేరి, పగలంతా తినని తిండి అంతా కలిపి ఆ ఒక్క పూటే తింటాడు. కడుపు నిండా ఎబా తిని వెంటనే పడుకుంటాడు. ఇక్కడ తప్పు ఎబాది కాదు, రోజు గడిచిన తీరుది. నేను చేసిన మార్పు ఏమిటంటే, ముద్ద భోజనాన్ని మధ్యాహ్నానికి జరిపాను. ఆఫీసు దగ్గరి బుకాలో (చిన్న భోజనశాలలో) ఒక్క ముద్ద, రెండు గరిటెల ఎఫో రిరో (ఆకుకూర పులుసు), ఒక చేప ముక్క అడుగుతాను. రాత్రికి ఇంట్లో పెప్పర్ సూప్ గాని, ఉడికించిన బొబ్బర్లు గాని తింటాను.

బుకాలో అడగడానికి చాలామంది మొహమాటపడతారు. వడ్డించే అమ్మకు అది అసలు వింత కోరికే కాదు. పైన తేలిన నూనె పక్కకు తీసి అడుగునుంచి ఆకు వేయమంటే ఆమె సంతోషంగా వేస్తుంది. ఎఫో రిరోలో వాడే టెటె మన తోటకూర జాతిదే. షోకో అనే ఆకు బతుకమ్మలో పేర్చే గునుగు మొక్క ఆకే. తెలంగాణలో గునుగాకు కూర తినే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి కనుక, ఈ ఆకుకూరలు మనవారికి కొత్తవేమీ కాదు.

చిరుతిండి సంగతి కూడా చూసుకోవాలి. గో-స్లోలో కిటికీ దగ్గరికి వచ్చేవాటిలో పఫ్-పఫ్, చిన్-చిన్ వంటి వేపుడు తిండ్లు, గాలా అనే మాంసపు రొట్టె, తీపి పానీయాలు ఉంటాయి. అదే రోడ్డు మీద కాల్చిన అరటికాయ బోలీ, ఉడికించిన వేరుశనగకాయలు, వానాకాలంలో మొక్కజొన్న కండెతో ఊబే పండు కూడా దొరుకుతాయి. రెండవ వరుసలోవి అన్నీ పాతకాలపు తిండ్లే, కడుపులో నిలబడేవే.

పోర్ట్ హార్కోర్ట్ ఇంజనీరు

నేను మర్యాదగానే విభేదిస్తున్నాను. ముద్దను కొలిచి తినడం వినడానికి బాగుంటుంది గాని, మనిషి ఆకలి గ్లాసుతో ఆగదు. నేను ముద్ద పూర్తిగా మానేశాను, అన్నం కూడా మానేశాను. సూప్, చేప, గుడ్లు, ఆకుకూర మాత్రమే తింటున్నాను. బరువు బాగా తగ్గింది, మోకాళ్ల నొప్పి పోయింది. ఇక్కడి సూప్‌లు ఎంత చిక్కగా ఉంటాయంటే వాటికి తోడు అవసరమే ఉండదు. ఒకటి పూర్తిగా వదిలేయడం సగం వదలడంకంటే సులువు అని నా అనుభవం. ఇబాదాన్ సోదరి భర్తకు కూడా అదే సూచిస్తాను.

అబుజా డైటీషియన్

ఇంజనీరుగారూ, మీకు మేలు జరిగినందుకు సంతోషం. పిండిపదార్థం తగ్గించి తినడం కొందరికి చక్కగా పనిచేస్తుందన్న మాట నిజం. దానిలో రహస్యం కూడా లేదు: పళ్లెంలోనుంచి 500 కేలరీల ముద్ద వెళ్లిపోతే బరువు తగ్గక తప్పదు. అయితే రెండు జాగ్రత్తలు చెప్పకుండా ఉండలేను. మధుమేహానికి ఇన్సులిన్ గాని, చక్కెరను బలంగా తగ్గించే మాత్రలు గాని వాడుతున్నవారు డాక్టరును అడగకుండా ముద్ద ఒక్కసారిగా మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఈ చర్చ చదివేవారిలో అలాంటివారు ఉండవచ్చు కనుక ఇది మొదట చెప్పాలి. రెండవది, ముద్ద తీసేసిన చోట ఎగూసి (పుచ్చ జాతి గింజల సూప్), ఒగ్బోనో (అడవి మామిడి గింజల సూప్) రెట్టింపు వేసుకుంటే లెక్క తిరగబడుతుంది. ఎగూసి గింజల్లో 100 గ్రాములకు 550 పైచిలుకు కేలరీలు ఉంటాయి, వాటిలో దాదాపు సగం బరువు కొవ్వే. ఒగ్బోనోలో కొవ్వు అంతకంటే ఎక్కువ. ముద్ద లేకుండా తినేవారికి ఎఫో రిరో, బెండకాయ సూప్, పామాయిల్ వేయని న్సాలా, పెప్పర్ సూప్ నప్పుతాయి.

ముద్దే శత్రువు అనే మాటను నేను ఒప్పుకోకపోవడానికి మరో కారణం ఉంది. అమెరికాలోని లయోలా విశ్వవిద్యాలయ పరిశోధకులు నైజీరియా గ్రామాల స్త్రీలనూ, చికాగో ప్రాంతపు ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీలనూ పోల్చి చూశారు. చికాగో స్త్రీల సగటు బరువు చాలా ఎక్కువ. పల్లెటూరి స్త్రీలు ఎక్కువ శ్రమ చేయడం వల్ల సన్నగా ఉన్నారేమోనని అనుకున్నారు గాని, శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుని చూస్తే శ్రమకు ఖర్చయ్యే శక్తిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. దాంతో వారి చూపు ఆహారం వైపు మళ్లింది. ఆ గ్రామాల భోజనంలో పిండిపదార్థమూ, పీచూ ఎక్కువ, కొవ్వూ మాంసమూ తక్కువ. దుంపలు, ముద్దలు తినే ఆ స్త్రీలు సన్నగానే ఉన్నారు. పట్నానికి వచ్చాక పళ్లెంలో ముద్ద అలాగే ఉండి, దాని చుట్టూ నూనె, వేపుడు మాంసం, తీపి పానీయం, కుర్చీ ఉద్యోగం చేరాయి. మార్పు జరిగిన చోటే దిద్దుబాటు జరగాలని నా అభిప్రాయం.

హ్యూస్టన్ అల్లుడు

నా భార్య ఇగ్బో. హ్యూస్టన్‌లో నైజీరియా కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక ఇక్కడి దుకాణాల్లో ఎండబెట్టిన చేదాకు, ఒహా, ఒగ్బోనో, ఎగూసి అన్నీ దొరుకుతాయి. పామాయిల్ గురించి మా ఇంట్లో జరిగిన చర్చ ఇక్కడ ఉపయోగపడుతుందని రాస్తున్నాను. మా మామగారి వాదన ఏమిటంటే, ఎర్ర నూనె చెట్టునుంచి వచ్చిన సహజమైన నూనె, తాతముత్తాతలు తిన్నారు, కంటికి మంచిది. దీనిలో నిజం ఉంది. ఆ ఎరుపు కెరోటిన్‌ల వల్ల వచ్చినదే, వాటిలో కొన్నిటి నుంచి శరీరం విటమిన్ ఎ తయారు చేసుకుంటుంది. అయితే ఆ నూనెలో దాదాపు సగం సంతృప్త కొవ్వు అన్నదీ నిజమే. ఆ రంగుకూ, రుచికీ రెండు మూడు చెంచాలు చాలు, కుండ మీద వేలెడు మందాన తేలవలసిన పని లేదు. ఇంకొక విషయం, అయామాసే వంటి పులుసుల కోసం నూనెను రంగు పోయేదాకా కాచినప్పుడు ఆ కెరోటిన్‌లు పోతాయి, కొవ్వు మాత్రం మిగులుతుంది.

ఎగూసి విషయంలో మా ఇంట్లో కుదిరిన పద్ధతి చెబుతాను. పొడిచేసిన ఎగూసిని నూనెలో వేయించడం మాని, ఉల్లిపాయతో గట్టిగా ముద్ద కలిపి, మరుగుతున్న మాంసపు రసంలో చిన్న ఉండలుగా జారవిడుస్తాము. గింజలోని కొవ్వే ఉడుకుతూ పైకి వస్తుంది కనుక విడిగా పోసే నూనె చాలా తక్కువ సరిపోతుంది. ఇంతకు ముందు కుండకు రెండు కప్పుల ఎగూసి పడేది, ఇప్పుడు ఒక కప్పు వేసి, ఉగు ఆకునూ చేదాకునూ రెట్టింపు చేస్తున్నాము. మా అత్తగారు కూడా ఎగూసి రుచి పోలేదని ఒప్పుకున్నారు.

కనో పాతకాపు

దక్షిణ నైజీరియా వంటల గురించే మాట్లాడుతున్నారు కనుక ఉత్తరాది గురించి నాలుగు మాటలు. కనోలో చాలాకాలంగా ఉంటున్నాను. ఇక్కడి తువో జొన్నపిండితో గాని, మొక్కజొన్నతో గాని, బియ్యంతో గాని చేస్తారు. జొన్న తువో చేతిలోకి తీసుకుంటే రాయలసీమ, తెలంగాణ ఇళ్లలో తినే సంగటి గుర్తుకు వస్తుంది. తినే తీరు కూడా అదే, కుడిచేత్తో చిన్న ముద్ద చేసి పులుసులో ముంచి మింగడం. మీద పోసే మియాన్ కూకా బవోబాబ్ ఆకు పొడితో చేసినది. సరిగ్గా వండితే అందులో నూనె బహు స్వల్పం.

బరువు తగ్గాలనుకునే తెలుగువారికి ఇక్కడి అంగడిలో నేను మొదట చూపించేది మునగాకు. హౌసా వారు దానిని జోగలే అంటారు. ఉడికించిన మునగాకులో నూనె తీసిన వేరుశనగ చెక్క కులీ-కులీ పొడి, ఉల్లి, మిరప కలిపి పళ్లెం నిండా తింటారు. రెండవది మన గోంగూర. ఆకును యాకువా పేరుతో సూప్‌లలో వేస్తారు. అదే మొక్క ఎర్రని పూరేకుల వంటి కాయ తొడుగులతో జోబో కాస్తారు. జోబోలో అల్లం, లవంగం వేసి చక్కెర లేకుండా తాగితే కేలరీలు లేనట్టే. సీసాల్లో అమ్మే జోబోలో, కునూ అనే ధాన్యపు పానీయంలో చక్కెర దండిగా పోస్తారు కనుక ఇంట్లో కాచుకోవడమే మేలు. ఫురా ద నోనో కూడా అంతే. సజ్జ ఉండలు, పులిసిన పాలు రెండూ మంచివే, పైన గుమ్మరించే చక్కెరతోనే చిక్కు.

సూయా గురించి భయపడవద్దు. నిప్పుల మీద కాల్చిన పలుచని మాంసం, ఉల్లిపాయ ముక్కలతో తింటే అది మంచి రాత్రి భోజనం. ముక్కల మధ్య గుచ్చే కొవ్వు తుంపులను పక్కన పెట్టండి, కాల్చేటప్పుడు అదనంగా నూనె చల్లవద్దని చెప్పండి.

ఇబాదాన్ కోడలు

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నూనె, పిండి లెక్కలు మావారికి చదివి వినిపించాను. అమాలా మానవలసిన పని లేదని తెలిశాక ఆయన మిగతావన్నీ ఓపికగా విన్నారు.

నాకు రెండు సమస్యలు మిగిలాయి. మొదటిది శనివారాల వేడుకలు. పెళ్లి, నామకరణం, పెద్దల అంత్యక్రియల వేడుక, ఏదో ఒకటి తప్పక ఉంటుంది. వెళ్లిన చోట జొలోఫ్ అన్నం, ఫ్రైడ్ రైస్, మొయిన్ మొయిన్ (ఆవిరిమీద ఉడికించిన బొబ్బర్ల పిండి), వేయించిన మాంసం, స్మాల్ చాప్స్ అనే చిరుతిండ్లు, మాల్ట్ సీసా వరుసగా వస్తూనే ఉంటాయి, వద్దంటే పిలిచినవారు నొచ్చుకుంటారు. రెండవది ఇంకా సున్నితమైనది. మావారి ముఖం కొంచెం లోతుకు పోతే చాలు, అత్తగారు ఆందోళన పడతారు. కోడలు సరిగా పెట్టడం లేదని ఊరు అనుకుంటుందేమోనని ఆమె బాధ. సన్నబడటమంటే ఆమె దృష్టిలో జబ్బు గాని, డబ్బు ఇబ్బంది గాని.

కలబార్ టీచరమ్మ

అమ్మా, మీ అత్తగారి ఆందోళనకు లోతైన వేర్లు ఉన్నాయి. నేను పనిచేసే కలబార్‌లో ఎఫిక్ వారు పెళ్లికి ముందు ఆడపిల్లను ప్రత్యేకమైన ఇంట్లో ఉంచి, ఒళ్లు నలిచి, బాగా పెట్టి, ఒళ్లు చేయించి అత్తవారింటికి పంపే ఆచారం ఉండేది. వంట, ఇంటి నడక, నృత్యం కూడా అక్కడే నేర్పేవారు. నిండైన శరీరం ఆ ఇంటి మర్యాదకు సాక్ష్యం. కరవు, జబ్బులు చూసిన తరాలకు అలా అనిపించడం సహజమే. మన ఊళ్లలోనూ సెలవులకు వెళ్లిన మనిషిని చూడగానే "చిక్కిపోయావేమిటి" అని పెద్దలు అడిగేది ప్రేమతోనే. కనుక ఆమెతో బరువు మాట ఎత్తవద్దు. రక్తపోటు మాట ఎత్తండి. పక్షవాతం వచ్చిన బంధువు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు, దానిని ఆమె వెంటనే అర్థం చేసుకుంటారు. కొడుకు ఆరోగ్యం కోసం కుండలో నూనె, ఉప్పు తగ్గించే పనిని ఆమె చేతికే అప్పగించండి. వంటగది పెద్దరికం ఆమె దగ్గరే ఉంటే సగం పని అయినట్టే.

ఇక్కడి ఎడికాంగ్ ఇకాంగ్ సూప్ ఒకసారి వండి చూడండి. ఉగు ఆకు, వాటర్‌లీఫ్ బుట్టెడు పడతాయి. వాటర్‌లీఫ్ తన నీటిలోనే ఉడుకుతుంది, వేరే నీళ్లు పోయరు. మా వైపు దీనిని గొప్పింటి వంట అంటారు, పామాయిల్ కూడా గొప్పగానే పోస్తారు. మూడో వంతు పోసినా ఆకు రుచి చెడదు.

లేగోస్ మెయిన్‌ల్యాండ్

వేడుకల గురించి నేను చెబుతాను. వద్దనడం కంటే ఎంచుకోవడం మర్యాద. మొయిన్ మొయిన్, చేప, పెప్పర్ సూప్ సంతోషంగా తీసుకోండి, జొలోఫ్ ఒక గరిటె మాత్రం పెట్టించుకోండి. నైజీరియా వేడుకలో తినడం కంటే ఆడటానికే గౌరవం ఎక్కువ. సంగీతం మొదలయ్యాక పళ్లెం పక్కన పెట్టి లేచి, పెళ్లివారితో ఆడి, డబ్బు నోట్లు చల్లినవారిని ఎవరూ ఎందుకు తినలేదని అడగరు. మిగిలినది డబ్బాలో ఇంటికి ఇచ్చే పద్ధతి ఎలాగూ ఉంది.

అసలు జాగ్రత్త పడవలసింది సీసాల దగ్గర. సాధారణ తీపి పానీయంలో 100 మి.లీ.కు సుమారు 10 గ్రాముల చక్కెర ఉంటుంది. 50 సెంటీలీటర్ల సీసా అంటే 50 గ్రాములు, 200 కేలరీలు. మద్యం ముట్టని పెద్దమనుషులు ఆరోగ్యానికి మంచిదనుకుని మూడేసి మాల్ట్ సీసాలు తాగడం చూస్తుంటాను. అది కూడా తీపి పానీయమే. నైజీరియా ప్రభుత్వం 2021 ఫైనాన్స్ చట్టంలో తీపి పానీయాల మీద లీటరుకు 10 నైరాల సుంకం పెట్టింది. ఆ మొత్తం ఎవరి చేతినీ ఆపేంత పెద్దది కాదు కనుక మన నిగ్రహమే మనకు దిక్కు.

పోర్ట్ హార్కోర్ట్ ఇంజనీరు

డైటీషియన్‌గారి సమాధానం చదివాను. మధుమేహం మందుల గురించి చేసిన హెచ్చరిక అవసరమైనదే. నా పద్ధతి మీద నా నమ్మకం మాత్రం అలాగే ఉంది. నావి రెండు ప్రశ్నలు. క్యాబేజీతో, ఓట్స్ పిండితో, ఇసబ్‌గోల్‌తో ముద్దలు చేయడం ఇప్పుడు ఇక్కడ బాగా ప్రచారంలో ఉంది, వాటి మీద మీ అభిప్రాయం ఏమిటి? అలాగే అంగళ్లలో అమ్మే పొట్ట తగ్గించే టీలు, చేదు కషాయాలు పనిచేస్తాయా?

అబుజా డైటీషియన్

టీల సంగతి ముందు. పొట్ట తగ్గిస్తామనే టీల్లో చాలావాటిలో ఉండేది విరేచనం చేయించే సెన్నా ఆకు, మన నేలతంగేడు. తాగిన మరునాడు తూకం తగ్గినట్టు కనిపించేది ఒంట్లోని నీరు పోవడం వల్లనే, కొవ్వు కరగదు. రక్తపోటు మందులు వాడేవారు వీటిని అలవాటుగా తాగితే పొటాషియం పడిపోయే ప్రమాదం ఉంది. ఇబాదాన్ కోడలు గారూ, మీ ఇంట్లోకి వాటిని రానివ్వకండి.

క్యాబేజీ ముద్ద నిజంగానే తక్కువ కేలరీలది, ఇష్టమైతే తినవచ్చు. అయితే దానిని ముద్దగా నిలబెట్టడానికి పిండి గాని, ఇసబ్‌గోల్ గాని కలుపుతారు, ఎంత కలిపారో చూసుకోవాలి. ఇసబ్‌గోల్ వాడినప్పుడు నీళ్లు బాగా తాగాలి. ఓట్స్ ముద్దకు పీచు లాభం ఉంది, కేలరీల లాభం లేదు. పచ్చి అరటికాయ పిండి మధుమేహానికి మందు అని ఇక్కడ గట్టి నమ్మకం. దానిలో నెమ్మదిగా అరిగే పిండి కొంత ఉన్నమాట నిజమే గాని, ఎంత తిన్నా పరవాలేదనుకుని పెద్ద ముద్ద తిన్నవారికి చక్కెర పెరగడం నేను చూస్తూనే ఉన్నాను.

రక్తపోటు కనుక ఉప్పు మాట కూడా చెప్పాలి. పెద్దవారికి రోజుకు 5 గ్రాములకు లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంటే ఒక చిన్న చెంచాకు లోపు. ఇక్కడి కుండలో ఉప్పు పడుతుంది, మ్యాగీ వంటి మసాలా క్యూబులు నాలుగైదు పడతాయి, ఉప్పు చేప పడుతుంది. ఆ క్యూబుల్లో ప్రధానంగా ఉండేది ఉప్పే. కుండకు ఒక క్యూబుతో ఆపి, ఎండు క్రేఫిష్ పొడి, ఉల్లి, సెంట్‌లీఫ్ అనే సువాసన ఆకు, పులిసిన ఇరు వేసి రుచి నిలబెట్టుకోవచ్చు. ఇరును ఉప్పులో నిలవచేసి అమ్మితే ఒకసారి కడిగి వాడండి.

బరువు తగ్గే వేగం వారానికి అరకిలోకు అటూ ఇటూ ఉంటే చాలు. నూనె, ముద్ద, సీసా, ఈ మూడు చోట్ల కలిపి రోజుకు 500 కేలరీలు తగ్గినా అది జరుగుతుంది. ఎవరికీ ఆకలితో పడుకోవలసిన గతి పట్టదు.

హ్యూస్టన్ అల్లుడు

మొయిన్ మొయిన్ మాట పైన వచ్చింది కనుక అది చేసే తీరు కూడా చెబుతాను. బొబ్బర్లు నానబెట్టి, పొట్టు తీసి, ఎర్ర తాతాషే మిరప, ఉల్లితో మెత్తగా రుబ్బి, గట్టిగా గిలకొట్టి ఆవిరిమీద ఉడికించాలి. అలసంద వడల పిండి రుబ్బడం తెలిసిన తెలుగువారికి ఇది అరగంటలో పట్టుబడుతుంది. అదే పిండిని నూనెలో వేస్తే అకారా అవుతుంది, అది మన అలసంద వడకు బాగా దగ్గర. ఉడికిన బొబ్బర్లలో 100 గ్రాములకు 116 కేలరీలు, 8 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పిండిలో కప్పుల కొద్దీ నూనె పోసే అలవాటు ఉంది, అది పిండిని మృదువుగా ఉంచడానికి. నూనె బదులు చేప ఉడికించిన రసం పోసి, టైటస్ చేప ముక్కలు, ఉడికిన గుడ్డు పెడితే మృదుత్వం తగ్గదు. ఎనుగు వైపు ఒక్పా కూడా ఇలాగే ఆవిరిమీద చేస్తారు, దానికి బంబారా వేరుశనగ పిండి వాడతారు.

ఇబాదాన్ కోడలు

మా అత్తగారితో రక్తపోటు మాట మాట్లాడాను. నేను భయపడినంత ఏమీ జరగలేదు. తన చెల్లెలికి వచ్చిన పక్షవాతం గురించి ఆమే చెప్పుకొచ్చి, పులుసులో నూనె ఎంత పోయాలో తానే కొలిచి పెడతానన్నారు. పైన తేలిన నూనెను గరిటెతో తీసి సీసాలో దాచి, మరోరోజు కూర తాలింపుకు వాడుకుందామన్న ఆలోచన ఆమెదే. అమాలా పిండికి ఒక గ్లాసు నిర్ణయించాము. మాల్ట్ సీసాలు కొనడం ఆపాము, వాటి బదులు జోబో కాస్తున్నాము. మావారు చక్కెర లేని జోబో ఇంకా ముఖం చిట్లిస్తూనే తాగుతున్నారు.

చివరగా ఒక ప్రశ్న. పొద్దున ఓగి (పులియబెట్టిన మొక్కజొన్న జావ) తప్పనిసరిగా ఉండాలంటారు, అందులో మావారు డబ్బాలో వచ్చే చిక్కటి పాలు, నాలుగు చెంచాల చక్కెర కలుపుకుంటారు, పక్కన అకారా. దీనికి ఏమైనా దారి ఉందా?

కనో పాతకాపు

ఉంది. ఓగిని మొక్కజొన్న బదులు జొన్నతో గాని, సజ్జతో గాని పులియబెట్టండి. మా వైపు వాటితోనే ఎక్కువ చేస్తారు, ఆ గింజల రుచే వేరు కనుక చక్కెర తక్కువైనా తెలియదు. రుబ్బేటప్పుడు అల్లం, లవంగం, కొంచెం మిరియం వేయండి. చక్కెరను ఒక్కసారిగా తీసేయకుండా వారానికి ఒక చెంచా తగ్గించండి, ఆ చిక్కటి పాల బదులు వెన్న తీసిన పాలపొడి వాడండి. అకారా నాలుగు తినేచోట రెండు పెట్టి, మిగతా పిండిని అదే పూట ఆవిరి పెట్టేయండి. ఇబాదాన్ బోడిజా మార్కెట్‌లో ధాన్యం అమ్మే ఉత్తరాది వర్తకులు ఉంటారు, జొన్నను దవా అనీ, సజ్జను గెరో అనీ అడిగితే ఇస్తారు. పాత సరుకు కాకుండా కొత్త పంట అడిగి తీసుకోండి, పులుపు బాగా వస్తుంది.